కొత్త నగరం, కొత్త యూనివర్సిటీ: రోజూ వెళ్ళిరావడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త బ్యాచ్ చేరిన ప్రతిసారీ జూనియర్లు అడిగే సందేహాలు ఇవే. ఒక్కొక్కరికీ విడిగా చెబుతుంటే ఎవరికో ఒకరికి ఏదో ఒకటి చెప్పకుండా మిగిలిపోతోంది, అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. నగరాలు వేరైనా విద్యార్థి ఇబ్బందులు చాలావరకు ఒకటే. వరుసగా చదవాల్సిన పని లేదు. మీ ప్రశ్న ఎక్కడుందో చూసుకుని నేరుగా అక్కడికి వెళ్ళండి.

## గది వెతుక్కునే ముందు

గది క్యాంపస్‌కి ఎంత దూరంలో ఉంటే మంచిది? 4 కిలోమీటర్లా, 8 కిలోమీటర్లా?

కిలోమీటర్లు చూసి నిర్ణయించకండి. గదికి తాళం వేసినప్పటి నుంచి క్లాసులో కూర్చునే దాకా ఎంతసేపు పడుతుందో చూడండి. స్టాపు దాకా నడక, బండి కోసం ఎదురుచూపు, బండిలో ప్రయాణం, దిగాక మళ్ళీ నడక, ఇవన్నీ కలిపితేనే అసలు లెక్క. ఒకే మెట్రోలో నేరుగా వెళ్ళగలిగే 8 కిలోమీటర్ల గది, రెండు బస్సులు మారాల్సిన 4 కిలోమీటర్ల గది కన్నా చాలాసార్లు దగ్గరవుతుంది. మారిన ప్రతిచోటా ఎదురుచూపు మళ్ళీ మొదటికొస్తుంది. మొదటి బస్సు ఐదు నిమిషాలు ఆలస్యమైతే రెండోది తప్పిపోయి ఆ ఐదు కాస్తా ఇరవై అవుతుంది.

మామూలు నడక గంటకు సుమారు 5 కిలోమీటర్లు, తీరిగ్గా తొక్కే సైకిలు సుమారు 15. అంటే 2 కిలోమీటర్ల దూరానికి నడిస్తే 24 నిమిషాలు, సైకిలైతే 8. అద్దె భరించగలిగితే నడిచి వెళ్ళగలిగే గదికే నా ఓటు. దేని కోసమూ ఎదురుచూడక్కర్లేని ప్రయాణం అది.

ఇంటి ఓనరు "బస్ స్టాపు పక్కనే" అంటున్నారు. అది చాలదా?

చాలదు. స్టాపు పక్కనే ఉండొచ్చు, బస్సు గంటకొకటే రావచ్చు. మూడు విషయాలు అడగండి: ఆ స్టాపు నుంచి మీ క్యాంపస్‌కి ఏ రూటు వెళ్తుంది, ఎన్ని నిమిషాలకొకటి వస్తుంది, రాత్రి చివరి బండి ఎప్పుడు. ఆదివారం సంగతి కూడా విడిగా కనుక్కోండి. పది నిమిషాలకొకటి వచ్చే రూటైతే టైము చూడకుండా బయల్దేరొచ్చు. నలభై నిమిషాలకొకటి అయితే తిండీ నిద్రా స్నేహితులూ అన్నీ ఆ బస్సు చుట్టూనే తిరుగుతాయి. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు, పని రోజున ఉదయం ఎనిమిదికి ఆ దారిలో ఒకసారి వెళ్ళి చూడండి. ఇంకా ఆ ఊరు రాకపోతే మ్యాప్ యాప్‌లో బయల్దేరే సమయాన్ని వచ్చే మంగళవారం ఉదయం 8 గంటలకు మార్చి వెతకండి. మీరేమీ మార్చకపోతే యాప్ ఇప్పటి సమయానికే దారి చూపిస్తుంది. అర్ధరాత్రి వెతికితే కనిపించేవి ఖాళీ రోడ్లే.

అద్దె తక్కువని ఊరి చివర గది తీసుకుంటే లాభమేనా?

తేడా రాసుకుని చూడండి. ఒకవైపుకు 40 నిమిషాలు ఎక్కువైతే రోజుకు 80 నిమిషాలు, నెలకు 22 పని రోజులంటే 29 గంటలకు పైనే. దానికి పాస్ ఖర్చు, రాత్రి ఆలస్యమైనప్పటి క్యాబ్ ఖర్చు కలపండి. ఇంత చేశాక కూడా మిగులు కనిపిస్తే తీసుకోండి, తప్పేం లేదు. పైగా లైను చివరి స్టేషన్ దగ్గర ఉండేవారికి ఒక మేలుంది, పొద్దున్న బండి ఖాళీగా ఎక్కి సీటు పట్టుకోవచ్చు. కూర్చుని చదువుకునే 40 నిమిషాలను, ఊపిరాడకుండా నిలబడే 25 నిమిషాలను ఒకే తక్కెడలో తూచకూడదు.

ఫీజులోనే ట్రాన్స్‌పోర్ట్ పాస్ కలిసి ఉంటుందంటున్నారు, నిజమేనా?

కొన్నిచోట్ల నిజమే. జర్మనీలో చాలా యూనివర్సిటీలు సెమిస్టర్‌కి కట్టించుకునే రుసుములోనే ప్రయాణ టిక్కెట్టును కలుపుతాయి. కెనడాలోని వాంకూవర్‌లో విద్యార్థులకు యూ-పాస్ అనే ప్రయాణ పాస్ అలాగే వస్తుంది. లక్సెంబర్గ్‌లో 2020 నుంచి బస్సు, ట్రామ్‌, రైలు రెండో తరగతి అందరికీ ఉచితమే. అందుకే సొంతంగా పాస్ కొనే ముందు మీ ఫీజు రసీదులో ప్రతి వరుసా చదవండి. పాస్ ఏ తేదీ నుంచి చెల్లుతుందో కూడా చూడండి. మీరు రెండు వారాల ముందే దిగితే, ఆ రెండు వారాలు మామూలు టిక్కెట్టే కొనుక్కోవాల్సి రావచ్చు.

## దిగిన మొదటి వారం

వెంటనే నెల పాస్ తీసుకోనా, రోజూ టిక్కెట్టు కొననా?

టైమ్‌టేబుల్ ఖరారయ్యే దాకా నెల పాస్ వద్దు. వారానికి మూడు రోజులే క్లాసులుంటే అది గిట్టుబాటు కాకపోవచ్చు. లెక్క తేలికే. పాస్ ధరను ఒక టిక్కెట్టు ధరతో భాగించండి. వచ్చిన అంకె కన్నా నెలలో మీరు చేసే ప్రయాణాలు ఎక్కువైతేనే పాస్. కొన్ని నగరాల్లో ఈ లెక్కే అక్కర్లేదు. లండన్‌లో మాదిరిగా రోజువారీ గరిష్ఠ పరిమితి ఉన్నచోట, ఒకే కార్డుతో ట్యాప్ చేస్తూ పోతే ఆ మొత్తం చేరాక మిగతా ప్రయాణాలకు డబ్బు కట్ కాదు. మీ ఊళ్ళో అలాంటి పరిమితి ఉందో లేదో, విద్యార్థి రాయితీ దానికీ వర్తిస్తుందో లేదో టిక్కెట్ కౌంటర్‌లో అడగండి.

ఎక్కేటప్పుడు ఫోన్‌తో, దిగేటప్పుడు అదే బ్యాంకు కార్డుతో ట్యాప్ చేశాను. ఎందుకు ఎక్కువ డబ్బు కట్ అయింది?

ఖాతా ఒకటే అయినా గేటుకు అవి రెండు వేర్వేరు కార్డులు. ఫోన్‌లో చేర్చిన కార్డుకు అసలు కార్డు నంబరు కాకుండా వేరే నంబరు ఉంటుంది. దాంతో ఫోన్ ఎక్కి దిగనట్టు, కార్డు ఎక్కకుండానే దిగినట్టు నమోదై, పూర్తికాని ప్రయాణాలకు వేసే గరిష్ఠ ఛార్జీ పడుతుంది. ఫోనైతే ఫోనే, వాచీ అయితే వాచీయే, రోజంతా ఒకదానితోనే ట్యాప్ చేయండి. ఇప్పటికే కట్ అయినదానికి రవాణా సంస్థ వెబ్‌సైట్లో ఫిర్యాదు పెట్టండి. వెంటనే అడిగితే వాపసు వచ్చే అవకాశం బాగానే ఉంటుంది.

స్టేషన్లో గేట్లే లేవు. టిక్కెట్టు లేకుండా ఎక్కేయొచ్చా?

వద్దు. బెర్లిన్ వంటి నగరాల్లో గేట్లు ఉండవు, మామూలు బట్టల్లో తిరిగే చెకింగ్ సిబ్బంది మాత్రం ఉంటారు. పట్టుబడితే కట్టే జరిమానా ఎన్నో టిక్కెట్ల ధర. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఇలాంటిచోట కాగితం టిక్కెట్టు కొంటే సరిపోదు, ప్లాట్‌ఫాం మీదో బండిలోనో ఉండే మెషిన్‌లో ముద్ర వేయించాలి. ముద్ర లేని టిక్కెట్టు లేని టిక్కెట్టుతో సమానం. తెలియక చేశానన్నా జరిమానా తప్పదు. విద్యార్థి పాస్ ఉన్నవారు ఐడీ కార్డు కూడా జేబులో ఉంచుకోండి, చాలాచోట్ల ఆ రెండూ కలిస్తేనే చెల్లుబాటు.

మెట్రో మ్యాప్‌లో రెండు స్టేషన్లు దూరంగా కనిపిస్తే రైలెక్కాను. తీరా చూస్తే పక్కపక్కనే ఉన్నాయి. మ్యాప్ తప్పా?

తప్పు కాదు, దాని పని వేరు. హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ లండన్ మెట్రో కోసం గీసిన మ్యాప్ 1933లో అచ్చయింది. అందులో గీతలు నిటారుగా, అడ్డంగా, 45 డిగ్రీల వాలుగా మాత్రమే ఉంటాయి. అసలు దూరాలతో సంబంధం లేకుండా, ఎక్కడ మారాలో తెలిసేలా గీశాడు. ఆ తరవాత చాలా నగరాలు అదే పద్ధతి పట్టుకున్నాయి. అదే లండన్‌లో లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషన్ల మధ్య దూరం 300 మీటర్ల లోపే, నేల కిందికి దిగి రైలెక్కి పైకొచ్చేలోపు నడిచి వెళ్ళిపోవచ్చు. రైలు మారడానికి మెట్రో మ్యాప్ చూడండి, నడకకు వీధి మ్యాప్ చూడండి. క్యాంపస్ చుట్టూ ఉన్న నాలుగైదు స్టేషన్ల మధ్య ఒక ఆదివారం కాలినడకన తిరిగితే ఆ ప్రాంతం మీకు వచ్చేసినట్టే.

మెట్రో నుంచి బయటికి రాగానే ఫోన్లో నీలం చుక్క ఎక్కడెక్కడికో గెంతుతుంది. ఏం చేయాలి?

నేల కింద ఉపగ్రహ సంకేతం అందదు. పైకి వచ్చాక ఎత్తైన భవనాల గోడలకు తగిలి చుట్టూ తిరిగి వస్తుంది, దాంతో ఫోన్ మిమ్మల్ని పక్క వీధిలో చూపిస్తుంది. చుక్క కుదురుకునే దాకా నడక మొదలుపెట్టకండి. స్టేషన్ లోపలే ఎగ్జిట్ నంబరు చూసుకుని బయటికి రావడం అన్నింటికన్నా మేలు. ఆ నంబరు తప్పితే పెద్ద రోడ్డుకు అవతల తేలతారు. నగరం మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌గా దించుకోండి, డేటా లేనప్పుడు ఆదుకుంటుంది.

ఇక్కడ బండ్లు మా ఊరికి వ్యతిరేక దిశలో వెళ్తాయి. రోడ్డు దాటాలంటే భయం.

ఆ భయం మంచిదే. మొదటి వారం కన్నా అలవాటు పడ్డామనుకున్న రెండో నెలలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి, తొందరలో తల పాత వైపుకే తిరుగుతుంది. ఎటు చూడాలో గుర్తుపెట్టుకునే ప్రయత్నం మానేసి, రెండు వైపులా రెండుసార్లు చూసే అలవాటు చేసుకోండి. బస్సులకు, సైకిళ్ళకు ఎదురు దిశలో వెళ్ళే ప్రత్యేక దారి ఉన్న వీధుల్లోనూ మిమ్మల్ని కాపాడేది అదే. దాటేటప్పుడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేయండి, దయచేసి.

## క్లాసులు మొదలయ్యాక

అరగంట దాకా ఏ బస్సూ రాదు, వస్తే మూడు ఒకేసారి వస్తాయి. ఎందుకిలా?

డ్రైవర్ల నిర్లక్ష్యం అనుకుంటారు గానీ కారణం అది కాదు. ముందు బస్సు ఒక సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగిందనుకోండి. ఆ రెండు నిమిషాల్లో తరవాతి స్టాపులో ఇంకొందరు పోగవుతారు. వాళ్ళంతా ఎక్కడానికి ఇంకాస్త సమయం, దాంతో మరింత ఆలస్యం, ఆపై స్టాపులో మరింత జనం. వెనకాల వచ్చే బస్సుకు ఎక్కేవాళ్ళే మిగలరు, అది చకచకా కదిలి ముందుదాన్ని అందుకుంటుంది. ఆ తరవాత రెండూ జంటగా తిరుగుతాయి.

నష్టం ఎంతో చూడండి. పది నిమిషాలకొకటి సక్రమంగా వస్తే మీరు సగటున 5 నిమిషాలు ఆగుతారు. అవే బస్సులు జంటలుగా ఇరవై నిమిషాలకొకసారి వస్తే సగటు 10 నిమిషాలవుతుంది. ఒక్క బస్సూ తగ్గలేదు, ఎదురుచూపు మాత్రం రెట్టింపయింది. రూటు మొదలయ్యే చోటికి దగ్గర స్టాపుల్లో ఈ బాధ తక్కువ, దూరం పోయేకొద్దీ ఎక్కువ. అందుకే వీలుంటే రూటు మొదట్లోని స్టాపులో ఎక్కండి. కిక్కిరిసిన బస్సు వెనకే అదే నంబరు బస్సు కనిపిస్తే వెనకదే ఎక్కండి, అందులో సీటు దొరుకుతుంది. సొంత పట్టాల మీద నడిచే మెట్రోకు ట్రాఫిక్ సిగ్నళ్ళు లేవు, తలుపులూ ఎక్కువ, అందుకే అక్కడ ఈ గొడవ తక్కువ.

యాప్‌లో 4 నిమిషాలని చూపించి, బస్సు మాయమైపోయింది. యాప్‌ని నమ్మడం మానేయాలా?

యాప్ రెండు రకాల సమయాలు చూపిస్తుంది. ఒకటి టైమ్‌టేబుల్‌లో రాసినది, రెండోది బస్సులోని పరికరం పంపే స్థానాన్ని బట్టి లెక్కగట్టినది. రెండోదానికి చాలా యాప్‌లు వేరే రంగో, చిన్న తరంగాల గుర్తో పెడతాయి. ఆ గుర్తు లేకపోతే మీరు చూస్తున్నది టైమ్‌టేబుల్ మాత్రమే, ఆ ట్రిప్పు రద్దయినా అక్కడ సమయం కనిపిస్తూనే ఉంటుంది. ఊరూరా యాప్‌లు ఒకేలా పనిచేయడానికి కారణం 2005లో అమెరికాలోని పోర్ట్‌లండ్ రవాణా సంస్థ, గూగుల్ కలిసి తెచ్చిన టైమ్‌టేబుల్ ఫార్మాట్. తరవాత ప్రపంచమంతా దాన్నే వాడుకుంది. అయినా స్థానిక సంస్థ సొంత యాప్‌లో రద్దుల సమాచారం ముందుగా రావచ్చు, అదీ ఫోన్లో ఉంచుకోండి.

ఉదయం 9 గంటల క్లాసుకు ఎన్నింటికి బయల్దేరాలి?

సగటు సమయాన్ని బట్టి బయల్దేరితే ఇంచుమించు సగం రోజులు ఆలస్యమే. మొదటి రెండు వారాలు గది నుంచి క్లాసు దాకా పట్టిన సమయాన్ని ఫోన్లో రాసుకోండి, అందులో బాగా ఎక్కువ పట్టిన రోజును కొలతగా పెట్టుకోండి. బస్సు అరుదుగా వచ్చే రూటైతే సూత్రం ఇంకా సూటిగా ఉంటుంది: మీరు ఎక్కాల్సిన బస్సు తప్పినా, దాని తరవాతి బస్సుతో క్లాసుకు అందాలి.

సొంత సైకిల్ కొనాలా, అద్దె సైకిల్ చాలా?

దూరం 5 కిలోమీటర్ల లోపుండి, రోజూ వెళ్ళేదైతే సొంతదే. పాతది కొనండి, మిగిలిన డబ్బు తాళం మీద పెట్టండి. సన్నని కేబుల్ తాళం చిన్న కట్టర్‌తో తెగిపోతుంది. యూ ఆకారంలో ఉండే గట్టి తాళంతో ఫ్రేమ్‌ను, చక్రాన్ని కలిపి స్టాండుకు బిగించండి. చక్రాన్ని మాత్రమే బిగిస్తే సాయంత్రానికి చక్రం మాత్రమే మిగలొచ్చు. ఫ్రేమ్ నంబరు ఫోటో తీసి దాచుకోండి.

అప్పుడప్పుడు వాడేవారికి, మెట్రో దిగాక చివరి కిలోమీటరుకు అద్దె సైకిల్ బాగుంటుంది. స్టాండులో పెట్టాక తాళం పడిన సంకేతం వచ్చిందో లేదో చూడకుండా వెళ్ళిపోకండి. పడకపోతే మీ ఖాతాలో ప్రయాణం సాగుతూనే ఉంటుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. మలుపు దగ్గర ఆగి ఉన్న లారీ పక్కకు, బస్సు పక్కకు సైకిల్ ఎప్పుడూ పోనివ్వకండి. అది తిరిగేటప్పుడు ఆ పక్కన ఉన్నవారు డ్రైవరుకు అద్దంలో కూడా కనిపించకపోవచ్చు. వెనకే ఆగండి.

ఎలక్ట్రిక్ స్కూటర్‌ని హాస్టల్ గదిలో ఛార్జింగ్ పెట్టొచ్చా?

ముందు హాస్టల్ నిబంధన చూడండి, చాలాచోట్ల నిషేధం. లిథియం బ్యాటరీ అంటుకుంటే నిమిషాల్లో గది పొగతో నిండుతుంది. అనుమతి ఉన్నా కంపెనీ ఇచ్చిన ఛార్జరే వాడండి, నిద్రపోతూ పెట్టకండి, బయటికి వెళ్ళే తలుపుకు అడ్డంగా అసలు పెట్టకండి.

విదేశంలో బండి నడపడానికి నా లైసెన్స్ చెల్లుతుందా?

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మీ లైసెన్స్‌కు అనువాదం లాంటిది, అసలు లైసెన్స్ వెంట లేకపోతే దానికి విలువ లేదు. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చినది ఏడాది, 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చినది గరిష్ఠంగా మూడేళ్ళు చెల్లుతుంది. కానీ అక్కడ నివాసిగా నమోదయ్యాక కొంత గడువులోగా స్థానిక లైసెన్స్ తీసుకోవాలని చాలా దేశాలు అంటాయి. గడువు దాటి నడిపితే ప్రమాదమైనప్పుడు బీమా రాకపోవచ్చు.

నేను వీల్‌చైర్ వాడతాను. దారి ఎలా చూసుకోవాలి?

యాప్‌లో "వీల్‌చైర్‌కు అనుకూలం" అని ఎంచుకోవడంతో ఆగకండి, ఆ స్టేషన్ లిఫ్టు ఇవాళ పనిచేస్తోందో లేదో రవాణా సంస్థ సైట్లో చూడండి. పాత మెట్రోలున్న నగరాల్లో లిఫ్టులు అరుదు. పారిస్‌లో కొత్తదైన 14వ లైనుకు మెట్లెక్కకుండా వెళ్ళొచ్చు, పాత లైన్లలో చాలా స్టేషన్లకు ఆ వీలు లేదు. అలాంటిచోట నేల ఎత్తు తక్కువగా ఉండే బస్సులే నమ్మకమైన దారి. రెండు భవనాల మధ్య పది నిమిషాల్లో వెళ్ళలేని టైమ్‌టేబుల్ ఇస్తే, తరగతి గది మార్చమని యూనివర్సిటీని అడగండి. అది మీ హక్కు, మొహమాటపడకండి.

## రాత్రిళ్ళు, పరీక్షలు

లైబ్రరీ నుంచి అర్ధరాత్రి దాటాక బయటికొస్తాను. ఎలా వెళ్ళడం మంచిది?

రాత్రి సర్వీసుల రూట్లు పగటివి కావు, స్టాపులు కూడా మారొచ్చు. పగలే ఒకసారి చూసుకోండి. చాలా యూనివర్సిటీలు రాత్రిపూట షటిల్ నడుపుతాయి, కొన్నిచోట్ల సెక్యూరిటీ సిబ్బంది తోడుగా హాస్టల్ దాకా వస్తారు. ఆ నంబరు సేవ్ చేసుకోండి. బస్సులో డ్రైవరుకు దగ్గరగా కూర్చోండి, ఖాళీ బోగీ ఎక్కకండి. దగ్గరి దారి చీకటిదైతే వెలుతురున్న దూరపు దారే దారి. అత్యవసరమైతే 112, ఐరోపా సమాఖ్య దేశాలన్నింటిలోనూ, భారత్‌లోనూ అదే నంబరు. ఇతర దేశాల్లో నంబరేదో విమానం దిగిన రోజే తెలుసుకోండి.

రాత్రి క్యాబ్‌లో ఒక్కదాన్నే వెళ్ళాల్సి వస్తోంది. ఏం చూసుకోవాలి?

బండి నంబరు యాప్‌లోని నంబరుతో కలిస్తేనే ఎక్కండి. "ఎవరి కోసం వచ్చారు?" అని అడగండి, మీ పేరు మీరు చెప్పకుండా డ్రైవరు చెప్పాలి. వెనక సీట్లో కూర్చుని, ప్రయాణం లింకును స్నేహితురాలికి పంపండి. దారి మారితే అడగడానికి సంకోచించకండి. కార్యక్రమం అయిపోగానే అందరూ ఒకేసారి బుక్ చేస్తారు కాబట్టి ఛార్జీ పెరుగుతుంది, కాసేపు వెలుతురున్నచోట ఆగితే తరచూ తగ్గుతుంది. నలుగురు కలిసి పంచుకుంటే ఇంకా మంచిది.

పరీక్ష రోజు రైళ్ళు ఆగిపోతే?

ముందు రోజే రెండో దారి ఎంచుకుని ఉంచండి, అది మొదటిదానితో ఎక్కడా కలవకూడదు. అదే మెట్రో లైనును ఇంకో స్టేషన్లో ఎక్కడం రెండో దారి కాదు. ఆ ఉదయం లేవగానే సర్వీసు సమాచారం చూడండి. దారిలో ఇరుక్కుంటే అక్కడి నుంచే విభాగానికి ఈమెయిల్ పెట్టండి, స్టేషన్ బోర్డు ఫోటో తీయండి. జపాన్‌లో రైల్వే సంస్థలు ఆలస్యానికి ధ్రువపత్రం కూడా ఇస్తాయి. పరీక్ష అయిపోయాక చెప్పే కారణం కన్నా ముందుగా చెప్పిన మాటకు బరువెక్కువ.

ఫోన్లోనే టిక్కెట్టు ఉంది, ఛార్జింగ్ అయిపోయింది. చెకింగ్ వస్తే?

చాలాచోట్ల అది టిక్కెట్టు లేనట్టే. పవర్ బ్యాంక్ గానీ, ప్లాస్టిక్ పాస్ కార్డు గానీ బ్యాగులో ఉంచండి. ఇంటి చిరునామా, ఒక స్నేహితుడి నంబరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

ల్యాప్‌టాప్ బ్యాగు బస్సులో మర్చిపోయాను!

రూటు నంబరు, దిగిన స్టాపు, సమయం వెంటనే రాసుకోండి. ఆ మూడూ ఉంటే బస్సును గుర్తించగలరు. డిపోకు ఫోన్ చేయండి, ఆపై సంస్థవారి పోగొట్టుకున్న వస్తువుల విభాగంలో నమోదు చేయండి. బ్యాగు లోపల మీ ఈమెయిల్ రాసిన చీటీ ఉంటే దొరికినవారికి సులువు.

## సెలవులు, ఇంటర్న్‌షిప్‌లు

సెలవులకు ఇంటికి వెళ్తున్నాను. పాస్ వృథాయేనా?

నెలవారీ పాసైతే సెలవులు మొదలయ్యే వారంలో పునరుద్ధరించకుండా విడి టిక్కెట్లతో నెట్టుకురండి. ఏడాది పాస్‌ను కొన్ని సంస్థలు మధ్యలో ఆపనిస్తాయి, కొన్ని వాడని నెలలకు డబ్బు వాపసిస్తాయి. బ్యాంకు నుంచి తనంతట తానే కట్ అయ్యే పాస్‌ను రద్దు చేయడానికి గడువు ముందు నెలలోనే ముగిసిపోవచ్చు, ఆ తేదీ క్యాలెండర్లో పెట్టుకోండి.

ఇంటర్న్‌షిప్ నగరానికి అవతలి మూల వచ్చింది. గది మారాలా?

రెండు మూడు నెలలకే అయితే మారకండి, సామాను మోత, అడ్వాన్సు గొడవ ప్రయాణం కన్నా ఎక్కువ అలిసిపోయేలా చేస్తాయి. ముందు దిశ చూడండి. ఉదయం జనమంతా నగరం మధ్యకు వస్తుంటే మీరు బయటికి వెళ్తారు, బండి ఖాళీగా ఉంటుంది. కాకపోతే ఆ దిశలో సర్వీసులు తక్కువగా ఉండొచ్చు, తిరుగు ప్రయాణం టైములు కూడా చూసుకోండి. పని వేళలు గంట అటూ ఇటూ జరపమని మేనేజర్‌ని అడగండి. 9కి బదులు 10కి చేరితే కూర్చుని వెళ్ళొచ్చు. మీ విద్యార్థి పాస్ ఆ జోన్ (ఛార్జీల కోసం నగరాన్ని విడగొట్టిన భాగం) దాకా చెల్లుతుందో లేదో చూసుకోండి. చెల్లకపోతే పాస్ చెల్లే చివరి స్టేషన్ నుంచి మిగతా దూరానికే అదనపు టిక్కెట్టు కొనే వీలు చాలా నగరాల్లో ఉంటుంది, కౌంటర్‌లో అడిగితే చెబుతారు.